మిల్లు చెవి దేవానందం

దాచేపల్లి చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు మనకు చాలామంది తెలుసు. పొద్దున ఆరింటి షిఫ్టుకు పోయేవాళ్లు, రెండింటి షిఫ్టుకు పోయేవాళ్లు, జుట్టంతా బూడిదరంగు పట్టి ఇళ్లకు తిరిగొచ్చేవాళ్లు. ఏం పని చేస్తాడమ్మా మీ ఆయన అని అడిగితే ఇంట్లోవాళ్లు కూడా "ఫ్యాక్టరీలో" అని ఊరుకుంటారు. దేవానందం అలా ఊరుకునే రకం కాదు. అడిగితే చాలు, నిలబెట్టి, చేతులూపుకుంటూ, అడిగిన పాపానికి అవతలివాడి బస్సు వెళ్లిపోయేదాకా చెప్పేవాడు. తను మిల్లు వింటానని చెప్పేవాడు.

మిల్లు వినడమేమిటో చెప్పకపోతే ఈ మనిషి అర్థం కాడు. బట్టీలో కాలి బయటికొచ్చిన సరుకు నల్లటి గులకరాళ్లలా ఉంటుంది. దాన్ని క్లింకర్ అంటారు. దానికి కాస్త జిప్సం కలిపి, రైలుపెట్టె అంత ఇనప గొట్టంలో వేసి తిప్పుతారు. అదే మిల్లు. లోపల టన్నులకొద్దీ ఉక్కుగుండ్లు ఉంటాయి. గొట్టం తిరుగుతుంటే గుండ్లు పైకెక్కి కిందపడి క్లింకర్‌ను పిండి చేస్తాయి. ఆ పిండే సిమెంటు. లోపల సరుకు తక్కువైతే గుండ్లు ఒకదాన్నొకటి కొట్టుకుని ఖణేల్ ఖణేల్‌మంటాయి. సరుకు ఎక్కువైతే ఆ మోత పూడుకుపోయి, ఎవరో దుప్పటి ముసుగులో దగ్గుతున్నట్టు వస్తుంది. ఇంకాసేపు పట్టించుకోకపోతే మిల్లు బిగుసుకుపోతుంది. దాన్ని ఖాళీ చేసేసరికి ఒక షిఫ్టు షిఫ్టంతా గంగలో కలుస్తుంది.

ఆ రెంటికీ నడుమ ఒక చప్పుడుంది. గుండు సరిగ్గా సరుకు మీద పడే చప్పుడు. అది చెవికి దొరికినవాడికి మిల్లు లొంగినట్టే. పైన కంట్రోల్ రూంలో కూర్చునే ఇంజనీర్లకు తెరల మీద అంకెలు కనిపిస్తాయి గానీ, మిల్లు బిగుసుకోబోయే సంగతి ఆ అంకెలకంటే పది నిమిషాల ముందు పక్కన నిలబడ్డవాడి చెవికి తెలుస్తుంది. అందుకే ఒక మనిషిని మిల్లు పక్కనే పెడతారు. వాడు వాకీటాకీలో "ఖాళీ సార్" అంటే పైన సరుకు పెంచుతారు, "నిండింది సార్" అంటే తగ్గిస్తారు. పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో దేవానందం పదహారేళ్లు చేసిన పని ఇదే.

తండ్రి పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో రాయి మోసి, యాభై నిండకుండానే దగ్గి దగ్గి పోయాడు. కొడుకు చేత గంప పట్టించకూడదన్నది ఆయనకున్న ఒకే ఒక్క పట్టుదల. నరసరావుపేటలో ఐటీఐ ఫిట్టరు చదివించాడు. 2005లో దేవానందం ఆ సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వెళితే, కాంట్రాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేసి, చేతిలో పార పెట్టాడు. మూడేళ్లు బెల్టుల కింద రాలిన దుమ్ము ఎత్తిపోశాడు. తండ్రి అప్పటికే పోయాడు కాబట్టి ఆ పార ఆయన కంటపడలేదు.

నాలుగో ఏట మిల్లు ఆపరేటరు ఖాజా మొహిద్దీన్ అతన్ని గమనించాడు. పార పక్కన పెట్టి రెయిలింగు మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు కుర్రాడు. ఆ తాళం మిల్లు చప్పుడుతో కలిసి పోతోంది, చప్పుడు మారగానే వేళ్లూ మారుతున్నాయి.

"ఒరేయ్ అబ్బాయ్, నీకు తాళం తెలుసా?"

"చర్చిలో డోలక్ కొడతా బాబాయ్."

"అట్టయితే ఆ పార అవతల పారేసి ఇట్టా రా."

అలా మొదలైంది. మొహిద్దీన్ పద్ధతి ఒకటుండేది, ఆ మిల్లు దగ్గర అదే శాసనం. షిఫ్టు మారేటప్పుడు దిగేవాడూ ఎక్కేవాడూ ఇద్దరూ మిల్లు ముందు నిలబడాలి. హెల్మెట్ తీసి, ఎడమచెవి మిల్లు వైపు పెట్టి, కళ్లు మూసుకుని వినాలి. ఎక్కేవాడు "తీసుకున్నా" అన్నాకనే దిగేవాడు ఇంటికి పోవాలి. చెవుల్లో ఇయర్‌ప్లగ్గులు పెట్టుకుని వచ్చినవాడి చేతికి మిల్లు ఇచ్చేది లేదు. అట్లాంటివాణ్ణి "కొత్తల్లుడొచ్చాడ్రా" అని ఏడిపించేవారు. కొత్తగా వచ్చిన దేవానందం మొదటిరోజు ప్లగ్గులు పెట్టుకునే వచ్చాడు. మొహిద్దీన్ వాటిని పీకి అతని జేబులో వేశాడు.

"ఇయ్యి పెట్టుకుని మిల్లు ఇంటావా? కళ్లకు గంతలు కట్టుకుని బండి తోలతావా?"

ఆ మాటకు అందరూ నవ్వారు. దేవానందమూ నవ్వాడు. తర్వాత తన దగ్గరకు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చెవుల్లోంచి తనే పీకాడు, అదే మాట అన్నాడు, అదే నవ్వు నవ్వించాడు. ఎవరిని నిందించాలో తెలియని తప్పు ఇది. అందరూ చేసినదీ, పనివాడనిపించుకోవాలంటే చేయక తప్పనిదీ.

మొహిద్దీన్ రిటైరయ్యాక మిల్లు దేవానందానిది అయింది. పేరుకు మాత్రం కాదు. పేరుకు అతను ఇంకా కాంట్రాక్టు మనిషే. ఐదుగురు కాంట్రాక్టర్లు మారారు, మారిన ప్రతిసారీ అతని పేరు కొత్త జాబితాలోకెక్కి, అతను కొత్తగా చేరినట్టు లెక్క. అయినా పనిలో పడి నేర్చుకున్నాడు. బేరింగు వేడెక్కితే ఏం చేయాలో, లోపలి పలకలు అరిగితే ఎలా మార్చాలో, గుండ్లు ఎప్పుడు కలపాలో పాత మాన్యువల్ ముందేసుకుని ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుంటూ చదివాడు. పదకొండు మందికి పని నేర్పాడు. వాళ్లలో ఆరుగురు డిప్లొమా వాళ్లు, పర్మనెంటయి అతనికే పురమాయింపులు చెప్పే స్థాయికి పోయారు. ఎదురుపడితే "అన్నా, బాగున్నావా" అనేవారు. అతనూ నవ్వుతూ బాగున్నాననేవాడు. మనసులో మాత్రం ఒకటే కోరిక ఉండేది. చచ్చేలోగా ఒక్కసారి ప్రొడక్షన్ టెక్నీషియన్ అని కంపెనీ కాగితం మీద తన పేరు పక్కన ఉండాలి. గంప మోయొద్దన్న తండ్రికి అదే జవాబని అతని నమ్మకం.

అతని చెవి సంగతి ప్లాంటంతా తెలుసు. 'మిల్లు చెవి' అని పేరు పెట్టారు. ప్రొడక్షన్ ఇంజనీరు జయకృష్ణకైతే ఆ చెవి మీద గురి ఎక్కువ. ఒక ఏడు సేఫ్టీ వారోత్సవాలని హడావుడి చేసి, ప్లగ్గులు లేనివాణ్ణి లోపలికి రానివ్వమన్నారు. దేవానందం మూడు వారాలు బుద్ధిగా పెట్టుకున్నాడు. నాలుగో వారం మిల్లు బిగుసుకుపోయింది. జయకృష్ణ మెట్లు దూకుతూ కిందికొచ్చి, అతని చెవిలోని ప్లగ్గు స్వయంగా తన చేత్తో లాగాడు.

"నిన్నిక్కడ పెట్టింది వినడానికయ్యా! నువ్వు చెవులు మూసుకుంటే నా మిల్లెవరు వింటారు?"

ఇంజనీరుగారు తన చెవి మీద చెయ్యి వేసి ఆ మాట అనడం దేవానందానికి పతకంలా అనిపించింది. ఇంటికొచ్చి భార్య హెప్సిబాకు చెప్పాడు. చర్చి మెట్ల మీద చెప్పాడు. ఏళ్ల తరబడి, వద్దన్నా వినిపించుకోకుండా, అందరికీ చెప్పాడు.

చెవులు పోతున్న సంగతి ముందు అతనికి తెలియలేదు, హెప్సిబాకు తెలిసింది. ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. మిషను ముందు కూర్చుని పిలిస్తే పలకడం మానేశాడు. మొదట పొగరనుకుంది. టీవీ గోడలదిరేలా పెడుతుంటే పక్కింటివాళ్లు నసుగుతున్నారని తగ్గించేది, అతను మళ్లీ పెంచేవాడు. ఒక ఆదివారం చర్చిలో పాటకు డోలక్ ఎత్తుకున్నాడు. పాట ఒకదారిన, డోలక్ ఒకదారిన పోయాయి. మరుసటి వారం డోలక్ వేరే అబ్బాయి ముందుంది. ఆ రోజు దేవానందం వెనక బెంచీలో కూర్చుని ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని ఏడ్చాడు.

"చెవుల్లో మిల్లు తిరుగుతానే ఉంటందే," అన్నాడు. "ఇంటికొచ్చినా ఆగదు."

"డాక్టరుకు చూపించుకుందాం పా."

"చూపించుకుంటే తెలిసిపోదా? తెలిసినాక నన్ను మిల్లు దగ్గర ఉండనిత్తారా?"

అక్కణ్ణుంచి అతనిది దొంగ బతుకైంది. మిల్లు చప్పుడును చెవితో కాక చేత్తో పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. బేరింగు పెట్టె మీద అరచెయ్యి ఆనించి వణుకును బట్టి చెప్పేవాడు. చాలాసార్లు సరిపోయేది. ఒకసారి సరిపోక మిల్లు బిగుసుకుంటే, జిప్సం తడిగా వచ్చిందని అబద్ధమాడాడు. మనుషుల మాటలకు వేరే ఉపాయం. పెదాలు చూసేవాడు. పెదాలు కనపడకపోతే తలూపేవాడు. గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకునే కూతురు లిఖిత ఫోను చేస్తే, ఏం చెప్పిందో తెలియకుండానే "ఆ, సరేనమ్మా" అనేవాడు. తలూపితే ఏ గొడవా ఉండదని అతనికి అనుభవమైంది. అవునంటే ఎవరూ రెండోసారి అడగరు.

సరిగ్గా అలాంటప్పుడు, నిరుడు వేసవిలో, నోటీసు బోర్డు మీద కాగితం పడింది. పాత కాంట్రాక్టు మనుషుల్లోంచి ఎనిమిది మందిని ప్రొడక్షన్ టెక్నీషియన్లుగా పర్మనెంటు చేస్తారట. దేవానందం ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీసుకుని రోజుకు పదిసార్లు చూసుకున్నాడు. రాతపరీక్ష గట్టెక్కాడు. ఇంటర్వ్యూలో జయకృష్ణ ఎదురుగా కూర్చుని గట్టిగా, స్పష్టంగా మాట్లాడాడు కాబట్టి అదీ గడిచింది. "ఈయన చెవి మా ప్లాంటుకు ఆస్తి" అని జయకృష్ణ పక్కవాళ్లతో చెప్పాడు. జాబితాలో దేవానందం పేరు రెండోది. కింద ఒక ముక్క ఉంది. వైద్య పరీక్షకు లోబడి, వినికిడి పరీక్షతో సహా.

ఆ ముక్క చదివాక అతనికి రెండురోజులు అన్నం సయించలేదు. మూడోరోజు బస్సెక్కి గురజాల పోయాడు, మొహిద్దీన్ దగ్గరికి. నలభయ్యేళ్లు ఆ మిల్లు దగ్గర గడిపినవాడు, ఏదో ఒక దారి చెప్పకపోతాడా అని ఆశ.

మొహిద్దీన్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పిలిచినా చూడలేదు. భుజం తట్టితే ఉలిక్కిపడి, గుర్తుపట్టి, వీధి వీధంతా వినపడేలా "ఒరేయ్ ఆనందూ!" అని కేకేశాడు. కోడలు టీ గ్లాసులతోపాటు ఒక పలకా బలపమూ తెచ్చి దేవానందం ముందు పెట్టింది. ఆ ఇంట్లో మొహిద్దీన్‌తో మాట్లాడాలంటే అదే దారట. దేవానందం బలపం అందుకున్నాడు. 'వినికిడి పరీక్ష పెట్టారు బాబాయ్. నాక్కూడా పోయింది' అని రాశాడు.

ముసలాయన పలకను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు.

"మా కాలంలో ఈ పరీక్షల్లేవురా," అన్నాడు. "ఇప్పటికీ తిరుగుతానే ఉందిరా ఈడ." తలమీద వేలితో కొట్టుకున్నాడు. "ఫ్యాక్టరీలోనన్నా షట్‌డౌన్ ఉంటది. దీనికి లేదు. నీ ప్లగ్గులు పీకింది నేనే గదరా అబ్బాయ్."

కాదని పలక మీద రాయాలి. మర్యాద అది. దేవానందం రాయలేకపోయాడు. కన్నతండ్రి తర్వాత తండ్రంతటివాడనుకున్న మనిషి మీద జీవితంలో మొదటిసారి ఒళ్లు మండిపోయింది. నువ్వు పీకితే పీకావు, నీకు ముదురు వయసులో పోయాయి, నాకు నలభైకే పోయాయి, నాకో ఉద్యోగమన్నా రాకముందే పోయాయి అని అరవాలనిపించింది. అరిచినా ఆయనకు వినపడదు. పలక తుడిచేసి, టీ తాగి, కాళ్లకు దండం పెట్టి వచ్చేశాడు. దారి పొడుగునా బస్సు కిటికీకి తల ఆనించి ఏడుస్తూనే ఉన్నాడు.

పరీక్ష నరసరావుపేటలో జరిగింది. అద్దం బిగించిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికి మీట ఇచ్చారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. అద్దం అవతల ఒక అమ్మాయి మిషను ముందు కూర్చుంది. దేవానందానికి ఏమీ వినపడలేదు. కానీ అమ్మాయి చూపుడువేలు కనపడింది. ఆ వేలు కదిలినప్పుడల్లా మీట నొక్కాడు. అతని కళ్లు ఎంతైనా పనివాడి కళ్లు, ఒక్కటీ తప్పలేదు. లోపల ఆశ లేచింది. ఇలాగే ఐపోతుంది, ఐపోతే బతికిపోతాను అనుకున్నాడు.

అమ్మాయి లేచి, తలుపు తీసుకుని లోపలికొచ్చింది. చిన్నపిల్ల, లిఖిత కంటే రెండు మూడేళ్లు పెద్దదేమో. కాగితం మీద రాసి చూపించింది. 'అన్నా, ఈసారి నేను సౌండ్ పెట్టలేదు. ఊరికే వేలు కదిపాను.'

కోప్పడలేదు. కర్ర విరిచినట్టు మాట్లాడి ఉంటే అతనూ ఎదురు తిరిగేవాడేమో. ఆ పిల్ల జాలిగా చూసింది. కర్టెన్ దించి మళ్లీ పరీక్ష చేసింది. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని, చాలా ఏళ్లు పెద్ద మోతలో ఉండడం వల్ల వచ్చినట్టుగా ఉందని డాక్టరు రాసిచ్చాడు.

కంపెనీనుంచి ఉత్తరం వచ్చింది. మోత ఉన్న చోట పనికి అతను తగడట. అందువల్ల పర్మనెంటు ఉద్యోగం సంగతి ఆపి, విచారణ పెడుతున్నారట. ఈ విచారణ సంగతి ప్లాంటులో తెలిసినవాళ్లను అడిగితే విడమరిచి చెప్పారు. పనివల్లే చెవులు పోయాయని తేలితే కంపెనీ అతనికి మోత లేనిచోట, ల్యాబులోనో స్టోర్సులోనో, అదే పర్మనెంటు ఉద్యోగం ఇచ్చి తీరాలి. ఇచ్చిన ప్లగ్గులు పెట్టుకోకుండా చేతులారా పోగొట్టుకున్నాడని తేలితే ఏమీ ఇవ్వక్కర్లేదు. అంతా ఆ ఒక్క ముక్క మీద ఆధారపడి ఉంది. కాంట్రాక్టు మనిషి కాబట్టి అతని తరఫున పక్కన కూర్చోవడానికి యూనియన్ మనిషి ఉండడు. ఒక్కడే పోవాలి.

హెప్సిబా వారంరోజులు మిషను పక్కన పెట్టింది. ప్లాస్టిక్ కుర్చీలో తను ఆఫీసరులా కూర్చుని, మొగుణ్ణి ఎదురుగా నిలబెట్టి, ప్రశ్నలు గట్టిగా అడిగేది.

"ప్లగ్గులు ఎందుకు పెట్టుకోలా?"

"పెట్టుకుంటే మిల్లు వినపడదు సార్."

"అది చాలదయ్యా! జయకృష్ణ సారే తీయమన్నాడని చెప్పు. తన చేత్తో పీకాడని చెప్పు. ఇన్నేళ్లు ఊరందరికీ చెప్పుకున్నావు గదా, ఆ గదిలో ఒక్కసారి చెప్పు."

"సారు ఎదురుగానే ఉంటాడే."

"ఉండనీ. ఉంటే ఏంది? మొహమాటపడ్డావంటే మన బతుకు బుగ్గిపాలు."

చెబుతానన్నాడు. అద్దం ముందు నిలబడి అభ్యాసం చేశాడు. 'జయకృష్ణ సార్ తీయమన్నారు సార్.' నాలుగు మాటలు. నోటికి వచ్చేశాయి.

విచారణ గది చల్లగా ఉంది. ఏసీ గుయ్‌మంటుంటే అతని చెవుల్లోని రొదలో అదీ కలిసిపోయింది. బల్ల అవతల ముగ్గురు కూర్చున్నారు. పర్సనెల్ ఆఫీసరు, సేఫ్టీ ఆఫీసరు, జయకృష్ణ. బల్ల మీద ఒక రిజిస్టరు తెరిచిపెట్టి ఉంది. నెలనెలా ఇయర్‌ప్లగ్గులు ముట్టినట్టు పనివాళ్లు పెట్టిన సంతకాలు. దేవానందం సంతకం ప్రతినెలా ఉంది. నిజమే, ప్రతినెలా పెట్టాడు. పెట్టకపోతే గేటు దగ్గర ఆపేవాళ్లు. ఆ ప్లగ్గులు ఇంటికి పట్టుకెళితే, లిఖిత చిన్నప్పుడు వాటికి పుల్లలు గుచ్చి బొమ్మలు చేసుకునేది. అందరి ఇళ్లలోనూ అవి అందుకే పనికొచ్చాయి.

సేఫ్టీ ఆఫీసరు రిజిస్టరు తిప్పి చూపించి, ఇవి నీ సంతకాలేనా అని అడిగాడు. తలెత్తి అడిగాడు కాబట్టి అర్థమైంది. అవునన్నాడు. తర్వాత పర్సనెల్ ఆఫీసరు కాగితం అందుకుని, తల వంచి చదవడం మొదలుపెట్టాడు. కాగితం నోటికి అడ్డం ఉంది. దేవానందం ముందుకు వంగాడు. గదిలో ఎవరో నీళ్లలో మాట్లాడుతున్నట్టుంది.

"సార్?" అన్నాడు.

ఆఫీసరు మళ్లీ చదివాడు, తలెత్తకుండానే.

"సార్?" అన్నాడు మళ్లీ.

ఈసారి ఆఫీసరు తలెత్తాడు. చిరాకు మొహం. పక్కనున్న సేఫ్టీ ఆఫీసరుతో ఏదో అన్నాడు, ఇద్దరూ కొంచెం నవ్వారు. ఇదే బిల్డింగులో రెండునెలల కిందట ఈ చెవి మా ఆస్తి అన్నారు. మూడోసారి "సార్?" అనడానికి నోరు రాలేదు. జయకృష్ణ వైపు చూశాడు. జయకృష్ణ అతనికేసి చూసి మెల్లగా తలూపాడు. జయకృష్ణ చెడ్డవాడని ఎవరూ అనరు. పిల్లలున్నవాడు, ప్రమోషను దగ్గర పడ్డవాడు. ఆ తలూపుకు అర్థం ఏమిటో ఆయనకే తెలియాలి. దేవానందం మాత్రం అది ధైర్యం చెప్పడమనుకున్నాడు. సారు నా తరఫున చెప్పేశాడనుకున్నాడు.

తలూపాడు. ఆఫీసరు ఇంకో ముక్క చదివాడు. మళ్లీ తలూపాడు. మూడో ముక్కకూ ఊపాడు. అంతా పది నిమిషాల్లో ఐపోయింది. ఇంగ్లీషులో అరపేజీ కాగితం ముందుకొచ్చింది. కూడబలుక్కుని చదవగలడు గానీ, ముగ్గురి ముందు అంతసేపు చదివితే నమ్మనట్టుంటుందని సంతకం పెట్టాడు. ఒక నకలు చేతికిచ్చారు. లేచి నిలబడి ముగ్గురికీ నమస్కారం పెట్టాడు. జయకృష్ణ దణ్ణం అందుకోకుండా ఫోను చూసుకుంటున్నాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. మొహం వెలిగిపోతోంది. వచ్చీరాగానే కాగితం హెప్సిబా చేతిలో పెట్టాడు.

"ఐపోయిందే. సారు మంచోడు. ఆయనే చెప్పినట్టున్నాడు, ఎక్కువ అడగలా నన్ను."

"నువ్వు చెప్పావా? సారు పీకాడని చెప్పావా?"

"అవసరం పళ్లేదే."

హెప్సిబా కాగితాన్ని ఫొటో తీసి లిఖితకు పంపించింది. కాసేపటికి ఫోను మోగింది. హెప్సిబా గుమ్మంలో నిలబడి వింటోంది. దేవానందం నేల మీద కూర్చుని భార్య మొహం చూస్తున్నాడు. ఇప్పుడతనికి మొహాలే మిగిలాయి, ఆమె మొహం చదవడంలో పొరబడడు. ముందు ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత నోరు కొంచెం తెరుచుకుంది. తర్వాత గుమ్మం పట్టుకుంది.

ఫోను పెట్టేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. అతనికి అర్థమయ్యేలా ఒక్కొక్క మాటా ఒత్తి పలికింది.

"కంపెనీ నెలనెలా ప్లగ్గులిచ్చింది. నేనే పెట్టుకోలా. నన్నెవరూ తీయమనలా. తప్పు నాదే. ఉద్యోగం అడగను. ఇది నువ్వు ఒప్పుకున్నావంట. మూడు అడిగారంట, మూడింటికీ అవునన్నావంట. సోమవారం నుంచి లారీల యార్డులో నంబర్లు రాసుకునే పనంట."

దేవానందం ఆమె పెదాలకేసే చూస్తూ ఉండిపోయాడు. ఆమె ఆపేశాక కూడా చూస్తూనే ఉన్నాడు.

"నాకు వినపళ్లేదే," అన్నాడు చివరికి.

"వినపడకపోతే వినపళ్లేదని చెప్పలేకపోయావా? ఒక్క ముక్కయ్యా! నాలుగు మాటలు అక్కర్లా, సారు పేరు ఎత్తక్కర్లా. వినపట్లేదు సార్ అంటే సరిపోయేది గదా. నీ కేసే అది! దానికేగా నిన్ను పిలిచింది!"

ఆమె ఏడుస్తోంది. అరుస్తోందని కూడా అతనికి తెలిసింది, ఎందుకంటే వాటిలో కొన్ని మాటలు వినపడ్డాయి.

"ఆ ప్లాంటులో అందరికంటే వినేది నేనే," అన్నాడు. తన గొంతు ఎంత పెద్దగా ఉందో అతనికి తెలియడం లేదు. వీధిలో పోతున్న ఆడమనిషి ఆగి చూసింది. "పదహారేళ్లు నాకున్నదల్లా అదొక్కటే. డిప్లొమా లేదు. పర్మనెంటు లేదు. చెవొక్కటి ఉంది. ఆళ్ల ముందు కూర్చుని, నాకు వినపట్లేదు అని ఎట్టా అనేదే? ఎట్టా అంటానే నేను?"

హెప్సిబా చీరకొంగు నోట్లో కుక్కుకుని తల తిప్పుకుంది. అటు తిరిగే ఏదో అంది.

"ఏమన్నావే?" అని అడిగాడు.

ఆమె మళ్లీ చెప్పలేదు.